ఏరినోళ్ళే ముందు తినాల

బోటాటౌంగ్ గోదాముల వీధిలో పైడితల్లి అని అడిగితే ఇద్దరిని చూపిస్తారు. ఒకావిడ పొద్దున్నే ఇడ్లీలు అమ్ముతుంది, ఆమె కేక వీధి చివరిదాకా వినిపిస్తుంది. రెండో ఆవిడ మన పైడితల్లి. ఈమె గొంతు పక్కింటికి కూడా వినిపించదు. గోదాములో చేట ముందేసుకుని మినుముల్లో రాళ్ళూ పుచ్చుగింజలూ ఏరుతుంది. తాత విశాఖ రేవులో ఓడెక్కి బర్మాకొచ్చి, ఈ రేవులో దిగి బస్తాలు మోశాడు. తండ్రీ మోశాడు, మొగుడూ మోశాడు. కొడుకు రాంబాబు ఆ బస్తాలు వేసుకెళ్ళే లారీకి డ్రైవరయ్యాడు కనుక వంశం కాస్త పైకొచ్చినట్టేనని ఆమె అంటుంది.

వానాకాలంలో గోదాము పని తగ్గుతుంది. అప్పుడామె తెల్లవారకముందే బుట్ట చంకన పెట్టుకుని, బట్టల ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలతో పాటు బస్సెక్కి ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో దిగుతుంది. ఆ పిల్లలు గేట్లలోకి పోతారు. ఈమె ఆఖరి ఫ్యాక్టరీ గోడ దాటి, గడ్డి మైదానంలోకి, వెదురు పొదల వెనక ఉన్న పుట్టల దగ్గరికి పోతుంది. ఉరుములు ఉరిమిన మర్నాడు ఆ పుట్టల చుట్టూ పుట్టగొడుగులు లేస్తాయి. బర్మావాళ్ళు కూడా వాటిని తౌంగ్‌బో మో అంటారు. మో అంటే గొడుగు. పుట్ట మీద గొడుగనే అర్థం, అచ్చం మన మాటే.

వీధిలో అందరికీ ఒక నమ్మకం, పైడితల్లికి పుట్టగొడుగులంటే ప్రాణమని. అది అబద్ధం. ఆమెకు పుట్టగొడుగులంటే భయం. పెళ్ళయిన మొదటి వానాకాలం నుంచీ భయమే. ఆ భయానికి కారణం ఆమె అత్త అప్పలమ్మ.

అప్పలమ్మ పోయి చాలా కాలమైంది కానీ ఆమె మాటలు పోలేదు. "పుట్ట తల్లి, గొడుగు పిల్ల. తల్లెక్కడున్నాదో సూడకుండా పిల్లని ముట్టుకోకు" అనేది. అంటే కాడ పట్టుకుని పీకేయకూడదు. కాడ పక్కనే వేలు మట్టిలోకి దింపుకుంటూ పోతే ఎలుక తోకలాంటి తెల్లటి వేరు తగలాలి, అది పుట్ట కడుపులోకి పోతూ ఉండాలి. గొడుగు నడినెత్తిన మొన ఉండాలి. కాడకు కడియం ఉండకూడదు. బోర్లించి పెడితే గుడ్డ మీద లేత గులాబీ రంగు దుమ్ము రాలాలి. కాడకు కడియం ఉన్నా, ఆకుపచ్చ దుమ్ము రాలినా అది కుక్కగొడుగు. ఇంట్లోకి తేకూడదు.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా అప్పలమ్మకు ధైర్యం ఉండేది కాదు. అందుకే అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటి పెట్టింది. ఏరినోళ్ళే ముందు తినాల. వండిన పూట ఏరినవాళ్ళు తింటారు. ఒక రోజు గడిచి వాళ్ళు నిక్షేపంగా లేచి తిరిగితేనే మిగిలిన కూర వేడిచేసి ఇంటిల్లిపాదికీ పెట్టాలి. "సెయ్యి తప్పు సేస్తే నోరు దండుగ కట్టాల" అని ఆవిడ తీర్మానం.

రేవులో ఎప్పుడో ఒక కుటుంబం తెల్ల గొడుగులు తిని, ఆ రోజంతా హాయిగా ఉండి, మర్నాడు వాంతులు మొదలై, ఒకరి తర్వాత ఒకరు పోయారని అప్పలమ్మ చెప్పేది. నిజమో కాదో ఎవరికి తెలుసు. చెప్పినప్పుడల్లా చివర ఒకే మాట అనేది. "ఎంటనే కక్కించింది సుట్టం. తెల్లారి కక్కించింది యముడు." ఈ మాట పైడితల్లి బుర్రలో మేకులా దిగిపోయింది. ప్రతి వానాకాలం మొదటి కూర తిన్న రోజు ఆమె తన కడుపు చప్పుడే వింటూ పడుకుంటుంది. అందరూ లొట్టలు వేసుకుంటూ తినే ఆ కూర రుచి ఆమెకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. భయంతో మింగిన దానికి రుచేముంటుంది.

ఇక పోయిన శ్రావణం సంగతి.

కోడలు మల్లికకు ఏడో నెల. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. మూడోది నిలిచింది, కదులుతోంది, తంతోంది కూడా. మల్లికది గంజాం నుంచి వచ్చిన వాళ్ళ కుటుంబం, పుట్టిల్లు ఊళ్ళోనే తామ్వే పేటలో. తల్లి లక్ష్మీనరసమ్మ నోరు మంచిదని ఎవరూ అనరు. అల్లుడి లారీ నుంచి వియ్యపురాలి చీర దాకా దేనికైనా ఒక వంక పెట్టందే ఆవిడకు అన్నం అరగదు. "మా వొదిన తెచ్చీవి పుట్టగొడుగులో కుక్కగొడుగులో ఆ దేవుడికే ఎరుక" అని పదిమందిలో నవ్వేది. పైడితల్లి పైకి నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం కాలేది, ఎందుకంటే ఆ భయం ఆమెకూ ఉన్నదే.

మల్లిక కడుపు నిలవాలని పైడితల్లి మొక్కుకుంది. శ్రావణ శుక్రవారాలు నాలుగూ ఒక్క పూట తింటానని, నీచు ముట్టనని. వాళ్ళింట్లో పుట్టగొడుగూ నీచుకిందే లెక్క. ఆ మొక్కు మనవడి కోసమో మనవరాలి కోసమో తప్ప తనకోసం కాదు. దాని గురించి ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు.

గురువారం సాయంత్రం పెద్ద వాన. ఉరుములకు కిటికీ రేకులు కదిలాయి. మల్లిక మంచం మీద కూర్చుని వాన చూస్తోంది. నెమ్మదిగా అడిగింది.

"అత్తా, రేపు పుట్టగొడుగులు లేస్తాయేటి?"

"లేస్తాయి. ఏటే, తినాలనున్నాదా?"

"ఊఁ. పొద్దున్నించీ నాలిక లాగీస్తన్నాది."

కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే కాదనడానికి పైడితల్లి రాయి కాదు. నియమం ప్రకారం శుక్రవారం ఏరి, తను తిని, శనివారం మల్లికకు పెట్టాలి. శుక్రవారం తను తినకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఆమెకు రాత్రే తట్టింది. పొద్దున చూసుకుందాంలే అనుకుంది. పొద్దున చూసుకుందాం అనుకున్నవి ఎలా చూసుకుంటామో మనకు తెలియనిది కాదు.

శుక్రవారం లైంగ్‌థార్యార్‌లో దిగి గోడ దాటేసరికి ఆమె నిలబడిపోయింది. ఏళ్ళ తరబడి తనకు గొడుగులిచ్చిన పెద్ద పుట్ట లేదు. ఎవరో కొత్త గోదాముకు నేల చదును చేస్తూ యంత్రంతో దాన్ని దున్నేశారు. ఎర్రమట్టి అంతా మైదానం మీద పరిచేశారు. ఆ మట్టి మీద అప్పుడే గడ్డి మొలిచింది. గడ్డిలో, వాన నీటి చుక్కలతో, తెల్లగా, గుండ్రంగా, చేటంత వలయంగా గొడుగులు లేచి ఉన్నాయి.

ఆమె కూర్చుని వేలు దింపింది. వేరు లేదు. కాడ అడుగున చిన్న ఉల్లిపాయలా ఉబ్బి ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ అనుకుంది, పుట్టనే పీకి పారేశాక వేరు ఎక్కడికి పోతుంది? మట్టి ఆ పుట్టదే. తల్లి చచ్చి చెదిరిపోతే పిల్లలు దొరికిన చోట లేస్తారు. ఒక గొడుగు కాడకు మెత్తటి పొర ఒకటి చుట్టుకుని ఉంది. కడియమా? వానకు ఊడిన తొక్కేమో. బొటనవేలితో తుడిస్తే పోయింది. మల్లిక మొహం గుర్తొచ్చింది. చుట్టూ చూస్తే వేరే పుట్ట కనిపించలేదు. బుట్ట అడుగున మొగుడి పాత తెల్ల పంచె పరిచి, ఏరడం మొదలుపెట్టింది.

అత్త బతికుంటే ఆ చేతి మీద ఒక్కటి వేసేది.

ఇంటికి వచ్చి కడిగి, ఉల్లిపాయలూ చింతపులుసూ వేసి వండింది. వండితే తప్పు లేదు, తింటేనే మొక్కు చెడుతుందని తనకు తానే శాస్త్రం చెప్పుకుంది. ఉప్పు కూడా చూడలేదు. మల్లిక ఆ రోజే పుట్టింటికి పోవాలని, తామ్వేలో డాక్టరమ్మకు చూపించుకుని రెండు రోజులు ఉండి రావాలని అప్పుడు గుర్తొచ్చింది. కూర రేపటికి ఇక్కడ ఉంచితే తినేదెవరు? క్యారేజీలో సర్దింది. సర్దుతూ గిన్నె మూత దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"నువ్వు తిన్నేదు గదా అత్తా" అంది మల్లిక.

"శుక్రోరం గదే. పర్నేదు, నా సేతి మీద నమ్మకం నేదా?"

మల్లిక నవ్వి క్యారేజీ తీసుకుంది. బస్టాపు దాకా పైడితల్లే దిగబెట్టింది.

మధ్యాహ్నం దీపం పెట్టి, ఒక్క పూట భోజనం చేసి, బుట్ట దులుపుదామని కూర్చుంది. బుట్టలో ఒక పెద్ద గొడుగు మిగిలి ఉంది. అంచు నలిగిందని వండకుండా వదిలేసింది. బోర్లా పడి ఉంది. దాన్ని ఎత్తింది.

పంచె మీద గొడుగు ఆకారంలో దుమ్ము అచ్చు పడి ఉంది. పైడితల్లి కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. వెలుతురులో వాటంగా తిప్పి చూసింది. వేలితో అద్ది చూసింది. పాచి పట్టిన గోడ రంగు. ఆకుపచ్చ. గొడుగును తిప్పితే పొద్దున పాలలా ఉన్న మడతలు కూడా ఆకుపచ్చకు తిరుగుతున్నాయి.

ఆమె ఫోను తీసి మల్లికకు చేసింది. మోగలేదు. తామ్వేలో నిన్నటి నుంచీ కరెంటు లేదని, ఫోనులో ఛార్జింగు అయిపోవచ్చిందని మల్లిక పొద్దున అంది కదా. లక్ష్మీనరసమ్మ ఫోనూ అంతే. రాంబాబుకు చేసింది. అతను బాగో ఊరికి పోయే రోడ్డు మీద ఎక్కడో ఉన్నాడు, అక్కడ సిగ్నలు ఉండదు. గొడుగును పంచెలోనే చుట్టి, తలుపు తాళం కూడా వేయకుండా మెట్లు దిగింది.

బస్సులో సీటు దొరికినా ఆమె కూర్చోలేదు. కూర్చుంటే బస్సు ఆలస్యమవుతుందేమోనని ఒక పిచ్చి భయం. మల్లిక ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు చేరి ఉంటుంది, ఎప్పుడు తిని ఉంటుంది అని లెక్కలు వేసింది. ప్రతి లెక్కలోనూ మల్లిక తినేసింది. ఆకలితో ఉన్న పిల్ల, అడిగి చేయించుకున్న కూర, ఎందుకు ఆగుతుంది? తనే నమ్మకం గురించి మాట్లాడి మరీ పంపింది. మొక్కుకున్నది ఈ కడుపు కోసమే. ఆ మొక్కు వల్లే తను తినలేదు. తను తినకపోవడం వల్లే ఆ కడుపులోకి విషం పోయింది. అమ్మా తల్లీ, నేనేం అడిగాను, నువ్వేం ఇచ్చావు అని బస్సు కడ్డీ పట్టుకుని లోపల్లోపల ఏడ్చింది.

దారిలో సిపాయిల తనిఖీ. అందరినీ దింపారు, కార్డులు చూశారు, సంచులు తడిమారు. పైడితల్లి వంతు వచ్చేసరికి తుపాకీ వేసుకున్న కుర్రాడు పంచె మూట చూపించి విప్పమన్నాడు. ఆమె విప్పింది. అతని మొహం ఒక్కసారిగా తేటపడింది.

"మో కదా అమ్మా" అన్నాడు బర్మా భాషలో. "మా ఊళ్ళో వానొస్తే మా అమ్మ వండేది. ఇది బాగుంటుందా?"

పైడితల్లికి బర్మా తెలుగంత బాగా వచ్చు. అయినా తల మాత్రం అడ్డంగా ఊపింది. కుర్రాడికి అర్థం కాలేదు. మూట కట్టుకోమని పక్కకు జరిగాడు. ఆమె ముడి వేయకుండానే పంచెను గుండెకు అదుముకుని బస్సెక్కింది.

తామ్వేలో దిగి సందులోకి పరుగులాంటి నడక. లక్ష్మీనరసమ్మ వాళ్ళది మూడో అంతస్తు. ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకు గుర్తు లేదు. తలుపు తీసే ఉంది. ముందు గదిలో మల్లిక చాప మీద కాళ్ళు చాపుకుని, మొహం ముడుచుకుని, బిస్కెట్లు తింటోంది. పక్కన క్యారేజీ ఉంది.

"తినీసినావేటే?" ఆ గొంతు పైడితల్లిదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"నాకెక్కడ పెట్టినాది అత్తా" అంది మల్లిక, ఏడుపు గొంతుతో. "మీయత్త తిన్నేదు గదా, పెద్దోళ్ళెవరో ఒకలు ముందు తినాల గదా, మీయింటి పద్ధతేగదా అనీసి అమ్మే తినీసినాది. నన్ను రేపటి దాకా ఆగమన్నాది. సూడు, బిస్కెట్లు తింటన్నాను."

పైడితల్లికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. వచ్చిన ప్రాణం మాట పూర్తిగా విన్నాక మళ్ళీ పోయింది. వంటింట్లోంచి లక్ష్మీనరసమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మొహం నిండుగా, ఎప్పటిలాగే, వెక్కిరింపుతో ఉంది.

"ఏటి వొదినా, ఎవలో తరుముతున్నట్టు ఒచ్చినావు. ఉప్పెక్కువైనాది నీ కూరలో."

అబద్ధం చెప్పే వీలు అప్పటికి ఇంకా ఉంది. పైడితల్లికి అదీ తట్టింది. మనిషన్నాక తట్టకుండా ఉండదు. ఊరికే వచ్చానని, కూర పుల్లబడి ఉంటుందని చెప్పి పారబోయించవచ్చు. ఇన్నేళ్ళూ తను పడ్డ వెటకారమంతా ఇప్పుడు నిజమని తన నోటితో తనే ఒప్పుకోవాలి. ఆమె పంచె విప్పి నేల మీద పరిచింది.

"నాను తప్పేరినాను వొదినా. కుక్కగొడుగులివి. ఎంత తిన్నావు?"

లక్ష్మీనరసమ్మ ఆ పచ్చటి దుమ్మును చూసింది. వెటకారం పోయింది, మొహం మాత్రం అలాగే ఉంది. "బాగానే తిన్నాను" అంది. "గంటైనాది. నాకేటీ అవనేదు."

నాకేటీ అవనేదు. ఆ మాట వినగానే పైడితల్లికి అత్త మాట గుర్తొచ్చింది. ఎంటనే కక్కించింది సుట్టం, తెల్లారి కక్కించింది యముడు. పచ్చ దుమ్ముది ఏ రకమో అప్పలమ్మ చెప్పలేదు. ఇంట్లోకి తేవద్దని మాత్రమే చెప్పింది. తెచ్చినవాళ్ళ గతి ఏమిటో చెప్పాల్సిన అవసరం వస్తుందని ఆవిడ అనుకుని ఉండదు.

మల్లిక లేచి నిలబడింది. పైడితల్లి ఆమెను సైడ్‌కారు రిక్షా పిలవమని కిందికి పంపి, లక్ష్మీనరసమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆసుపత్రికి ఎల్దాం లే."

"నాను నడిసి ఎల్తాను, సెయ్యి ఒగ్గీ."

ఒగ్గలేదు. మెట్లు దిగుతున్నంతసేపూ పైడితల్లి ఆ మొహాన్నే చూస్తోంది. చెమట పడుతోందా? పెదవులు తెల్లబోతున్నాయా? పడాలని, తెల్లబోవాలని కోరుకుంటోంది. సాటి ఆడదానికి, అదీ కోడలి తల్లికి, వాంతి రావాలని మొక్కుకునే గతి ఎవరికి పట్టింది? ఆమెకు పట్టింది. తల్లీ, ఇప్పుడే కక్కించు, ఇక్కడే కక్కించు, నా మీద కక్కించినా సరే, రేపటిదాకా ఆపకు అని ఒక్కో మెట్టుకూ ఒక్కో మొక్కు.

లక్ష్మీనరసమ్మ గట్టి మనిషి. మొదటి అంతస్తు దాటింది, ఏమీ లేదు. వీధిలోకి వచ్చింది, ఏమీ లేదు. సైడ్‌కారు ఎక్కి, వియ్యపురాలికి చోటు చేయడానికి పక్కకు జరిగింది. "నీ మొగమే నా కంటే బాగా సచ్చిపోయినట్టున్నాది" అని కూడా అంది. పైడితల్లి నవ్వలేకపోయింది. రేవు కుటుంబం కూడా ఆ రోజంతా నవ్వుతూనే ఉండి ఉంటారు.

ఆసుపత్రి గేటు దగ్గర లక్ష్మీనరసమ్మ మాట సగంలో ఆపేసింది. చేత్తో కడుపు పట్టుకుంది. సైడ్‌కారు దిగుతూనే గోడవారన వంగిపోయింది. వాంతి, మళ్ళీ వాంతి, ఆగకుండా. పైడితల్లి ఆవిడ నుదురు పట్టుకుని, వీపు రాస్తూ, చీర మీద పడుతున్నా లెక్కచేయకుండా భోరుమని ఏడ్చింది. దారినపోయేవాళ్ళు ఎవరో చచ్చిపోయారనుకున్నారు. ఆ ఏడుపు బతుకుతుందన్న ఆశతో వచ్చినదని వాళ్ళకెలా తెలుస్తుంది.

ఆశ కూడా పూర్తిగా నిలవలేదు. లోపల డాక్టరమ్మ, బర్మా ఆవిడ, గొడుగును తీసుకుని చూసింది, ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు మొదలైందో అడిగింది. త్వరగా మొదలవడం మంచి గుర్తేనని అంది. కానీ వయసుందని, నీళ్ళు బాగా పోతున్నాయని, వేరే రకం ఏదైనా ఇందులో కలిసి ఉంటే ఇప్పుడే చెప్పలేమని, ఉంచాలని కూడా అంది. సెలైను పెట్టారు. ఇందులో కలిసి ఉంటే అన్న మాట పట్టుకుని పైడితల్లి మనసు మళ్ళీ ఆ బుట్టలోకి పోయింది. అన్నీ ఆ వలయంలోవేనా? వలయం బయట ఒకటి ఏరిందా? ఏరితే అది ఎలా ఉంది? ఎన్నిసార్లు తలుచుకున్నా ఒక్కోసారి ఒక్కో రకంగా గుర్తొచ్చింది. మినుముల్లో పుచ్చుగింజ ఒకటి దొర్లితే బస్తా చెడదు. ఇక్కడ ఒక్కటి దొర్లితే మనిషే లేదు.

సాయంత్రానికి లక్ష్మీనరసమ్మ కళ్ళు గుంటలు పడ్డాయి. ఆ నోరు ఒక్క మాటా అనలేదు. ఆవిడ తిట్టకపోవడం పైడితల్లికి తిట్టుకన్నా భయంగా ఉంది. మల్లిక మంచం పక్కనే కూర్చుని తల్లి కాలి వేలు పట్టుకుంది. అత్త వైపు చూడలేదు. రాంబాబు రాత్రికి వచ్చి బయట నిలబడ్డాడు, లోపలికి వచ్చి ఎవరి పక్కన నిలబడాలో తెలియక. పైడితల్లి ఆసుపత్రి వసారాలో నేల మీద కూర్చుంది. ఆమె జీవితంలో ఎన్నో రాత్రులు తన కడుపు విన్నది. ఆ రాత్రి ఇంకొకరి కడుపు విన్నది.

మర్నాడు తెల్లవారాక డాక్టరమ్మ వచ్చి చూసి, గండం గడిచినట్టేనంది, ఇంకో రోజు ఉంచుదామంది. అప్పటికీ పైడితల్లి నమ్మలేదు. అప్పలమ్మ చెప్పిన తెల్లారి ఇంకా పూర్తి కాలేదు. ఆ సాయంత్రం లక్ష్మీనరసమ్మ జావ తాగి, ఉప్పు లేదని విసుక్కున్నప్పుడు గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

మల్లిక గ్లాసులు కడగడానికి పోయింది. గదిలో వియ్యపురాళ్ళిద్దరే మిగిలారు. పైడితల్లి నిన్నటి నుంచీ నోట్లో తిప్పుకుంటున్న మాట అడిగింది.

"వొదినా, నీకు నా గొడుగుల మీద ఎప్పుడూ గురి నేదు గదా. పారబోసీకుండా ఎందుకు తిన్నావు?"

లక్ష్మీనరసమ్మ గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"పిల్ల తినాలని ఏడుస్తన్నాది. పారబోస్తే నా మీద అలుగుతాది, నీ మీద నాకున్నదంతా అసూయంటాది. అందుకని తిన్నాను. నీ మీద నమ్మకముంటే దానికే పెట్టీదాన్ని వొదినా. నమ్మకం నేదు కాబట్టే నాను తిన్నాను."

పైడితల్లికి కోపం రాలేదు. ఆ నమ్మకమే ఉండి ఉంటే ఇప్పుడు ఈ మంచం మీద ఎవరుండేవారో ఆలోచించింది. వియ్యపురాలి కాళ్ళ మీదికి దుప్పటి లాగి సర్దింది. ఇంతలో మల్లిక కడిగిన గ్లాసులతో తిరిగి వచ్చి, అత్తకూ తల్లికీ మధ్యన కూర్చుంది.